కార్న్ స్నేక్ పిల్లల పెట్టె, వేడి, తిండి, ఆరోగ్యం – ప్రాజెక్టు డైరీ

కార్న్ స్నేక్ పిల్లల్ని మొదటిసారి పెంచుతున్నవాళ్ల కోసం ఈ డైరీ రాస్తున్నాను. పెట్టె కొలతలు, వేడి అంకెలు, తిండి పద్ధతి అన్నీ ఉన్నాయి, చూసి అలాగే చేసుకోవచ్చు. పనిచేయనివాటి గురించి ఎక్కువ రాశాను. ఏడు గ్రాముల పిల్లకు పెట్టెలో తేడా వస్తే దాన్ని సరిదిద్దడానికి పెద్ద పాముకు ఉన్నంత వ్యవధి ఉండదు.

మొత్తం నాలుగు పిల్లలు. ఒకే తల్లి పెట్టిన గుడ్ల నుంచి వచ్చినవి, పెంపకందారు దగ్గర పుట్టినవి, పత్రాలు ఉన్నవి. శాస్త్రీయ నామం పాంథెరోఫిస్ గుట్టేటస్. అసలు పుట్టిల్లు అమెరికా ఆగ్నేయ ప్రాంతం. విషం లేదు, ఎరను చుట్టేసి బిగించి చంపుతుంది. మీరున్న చోట ఏ పామును పెంచుకోవచ్చో, దానికి ఏ రిజిస్ట్రేషన్ కావాలో ముందే కనుక్కోండి. బయట కనిపించిన పామును పట్టి డబ్బాలో పెట్టకండి. అది దానికీ హింసే, మీకూ ప్రమాదమే.

మొదటి తూకం (0.1 గ్రాము వరకు చూపించే డిజిటల్ తూకం మీద, మూత ఉన్న చిన్న కప్పులో పెట్టి, కప్పు బరువు తీసేసి):

1వ పిల్ల: 7.4 గ్రా.
2వ పిల్ల: 6.9 గ్రా.
3వ పిల్ల: 7.8 గ్రా.
4వ పిల్ల: 5.6 గ్రా.
మొత్తం: 27.7 గ్రా.

దశ 1: పెట్టె

ఒక్కో పిల్లకు ఒక్కో పెట్టె. ఇందులో రాజీ లేదు. కార్న్ స్నేక్‌లు ఒంటరిగా బతికే జీవులు. పక్కపక్కన చుట్ట చుట్టుకుని ఉంటే స్నేహంగా ఉన్నాయని అనిపిస్తుంది గానీ, నిజానికి రెండూ ఒకే మంచి చోటు కోసం పోటీ పడుతుంటాయి. తిండి దగ్గర రెండూ ఒకే ఎరను చెరో వైపు నుంచి పట్టుకుంటే ఒకటి రెండోదాన్ని మింగేసే ప్రమాదం కూడా ఉంది. పైగా రెండూ ఒకే చోట ఉంటే ఎవరు కక్కారో, ఎవరి మలం పలచగా ఉందో తెలియదు.

వాడింది 6 లీటర్ల ప్లాస్టిక్ డబ్బా. సుమారు 33 సెం.మీ. పొడవు, 20 వెడల్పు, 12 ఎత్తు. మూతకు రెండు వైపులా గట్టి క్లిప్పులు.

1. సోల్డరింగ్ ఐరన్‌తో 3 మి.మీ. రంధ్రాలు పెట్టాను, నాలుగు గోడల్లోనూ, పై అంచుకు కొంచెం కిందగా. కరిగే ప్లాస్టిక్ పొగ పీల్చకూడదు, ఆరుబయట చేయండి.
2. రంధ్రం చుట్టూ లేచిన అంచును గరుకు కాగితంతో నున్నగా రుద్దాను. పాము పిల్ల రాత్రంతా ముక్కును రంధ్రాలకు నొక్కుతూ తిరుగుతుంది. అంచు గరుకుగా ఉంటే ముక్కు మీది పొలుసు లేచిపోతుంది.
3. మూత బిగించాక నాలుగు మూలల్లో 4 మి.మీ. మందం ఉన్న పెన్సిల్ మొన దూర్చి చూశాను. మొన ఎక్కడ దూరితే ఆ పెట్టెను పక్కన పెట్టేశాను.

మూడో మెట్టు అనవసరమైన జాగ్రత్తలా కనిపించవచ్చు. కానీ తల పట్టిన సందులో మిగతా ఒళ్లంతా పడుతుంది, కార్న్ స్నేక్‌లు తప్పించుకోవడంలో పేరుమోసినవి. నేను కొన్న డబ్బాల్లో ఒకదాని మూత మధ్యలో నొక్కితే మూల దగ్గర లేస్తోంది. ఖాళీగా ఉన్నప్పుడు కనిపించలేదు, క్లిప్పులు పెట్టి మూత మీద వేలు ఆనించినప్పుడే తెలిసింది. మీరు కూడా అలాగే నొక్కి చూడండి.

లోపల పెట్టినవి: వేడి వైపు ఒక దాగుడు గూడు, చల్లని వైపు మరొకటి, రెండూ ఒకేలాంటివి. పిల్ల చుట్ట చుట్టుకుంటే ఒళ్లు మూడు వైపులా గూటి గోడకు తగలాలి. పెద్ద గూడు పెడితే ఖాళీ గదిలో ఉన్నట్టే. చిన్న నీళ్ల గిన్నె, ఒరిగిపోని బరువైనది. మధ్యలో నలిపిన కాగితం, ప్లాస్టిక్ ఆకులు. వేడి వైపూ చల్లని వైపూ గూళ్లు ఒకేలా ఉండాలి. లేకపోతే పిల్ల భద్రంగా అనిపించే గూడును ఎంచుకుని, వేడి అవసరమైనా అక్కడి నుంచి కదలదు.

దశ 2: వేడి

ఎక్కువ సమయం తిన్న దశ ఇదే. సాధించాల్సిన అంకెలు చిన్నవే: వేడి వైపు నేల 29 నుంచి 31 డిగ్రీల సెల్సియస్, చల్లని వైపు 22 నుంచి 25. పాము తన ఒంటి వేడిని తాను తయారు చేసుకోలేదు. అటూ ఇటూ మారుతూ సరిచేసుకుంటుంది. అందుకే పెట్టె అంతా 28 ఉండటం కంటే, ఒక చివర 30, మరో చివర 24 ఉండటం ముఖ్యం.

పెట్టె కింద మూడో వంతు పరుచుకునేలా హీట్ మ్యాట్ (కరెంటుతో వేడెక్కే పలుచని పట్టా) పెట్టి, దాన్ని వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్‌కు కలిపాను. థర్మోస్టాట్ లేకుండా హీట్ మ్యాట్‌ను నేరుగా ప్లగ్‌లో పెట్టకూడదు. మొదటి అమరికలో నేల మీద 2 సెం.మీ. కొబ్బరి పొట్టు పరిచి, దాని మీద థర్మోస్టాట్ ప్రోబ్ (వేడిని కొలిచే తీగ కొన) పెట్టి, థర్మోస్టాట్‌ను 30కి సెట్ చేశాను. తెర మీద 30 నిలకడగా చూపిస్తోంది.

2వ పిల్ల మాత్రం చల్లని వైపు గోడకు అతుక్కుపోయి అక్కడే ఉండిపోయింది. వేడి గూడు దగ్గరకు వెళ్లడం, తల దూర్చడం, వెంటనే వెనక్కి రావడం. అలా రెండు మూడుసార్లు చూశాక గూడు పక్కకు జరిపి, పొట్టు తవ్వి, కింద నేల మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పెట్టి చూశాను. 41 డిగ్రీలు.

కారణం: కొబ్బరి పొట్టు వేడిని అంత తేలిగ్గా పైకి పోనివ్వదు. పైభాగం 30కి చేరాలంటే మ్యాట్ ఆగకుండా పనిచేయాలి, ఆ వేడంతా కింద నేలలో పేరుకుంటుంది. కార్న్ స్నేక్ పిల్ల పొట్టు మీద పడుకోదు, తవ్వుకుని కిందికి పోతుంది. అంటే ప్రోబ్ కొలుస్తున్న చోటు వేరు, పిల్ల ఉంటున్న చోటు వేరు. 2వ పిల్ల ఆ తేడాను నాకంటే ముందే కనిపెట్టింది.

మార్చిన పద్ధతి:

1. పొట్టు తీసేసి నేల మీద రెండు పొరల టిష్యూ పేపర్ మాత్రమే పరిచాను. మొదటి కొన్ని నెలలకు ఇదే మేలు. మలం, రక్తం, మైట్స్ (పాము రక్తం తాగే చిన్న పురుగులు) ఏదైనా తెల్ల కాగితం మీద వెంటనే కనిపిస్తుంది.
2. ప్రోబ్‌ను పెట్టె లోపల నుంచి తీసి, పెట్టె అడుగుకూ మ్యాట్‌కూ మధ్య బయట నుంచి అమర్చాను. లోపల ఉంటే పిల్ల దాన్ని జరుపుతుంది, దాని మీద మలం పోస్తుంది, నీళ్లు ఒలుకుతాయి. ఏది జరిగినా కొలత తప్పుతుంది. మ్యాట్ నుంచి దూరంగా జరిగితే థర్మోస్టాట్ చల్లగా ఉందనుకుని ఆపకుండా వేడి చేస్తూనే ఉంటుంది.
3. థర్మోస్టాట్‌ను 33కి పెట్టి, రెండు గంటలు వదిలి, కాగితం ఎత్తి లోపలి నేలను కొలిచాను. 30.4. ఇక్కడి 33కూ లోపలి 30కీ మధ్య తేడా ప్లాస్టిక్ మందాన్ని బట్టి మారుతుంది, మీ పెట్టెకు మీరే కొలుచుకోవాలి.
4. పెట్టె కింద నాలుగు మూలల్లో చిన్న రబ్బరు కాళ్లు పెట్టాను, మ్యాట్ కింద గాలి ఆడేలా. చదునుగా నొక్కుకుపోతే వేడి ఇరుక్కుపోతుంది.
5. తెల్లవారుజామున, మధ్యాహ్నం, రాత్రి మూడు వేళల్లో కొలిచి రాసుకున్నాను. గది వేడి మారితే లోపలి అంకె కూడా మారుతుంది.

నాది వెలిగి ఆరే రకం థర్మోస్టాట్, కాబట్టి నేల వేడి 29 నుంచి 31.5 మధ్య ఊగుతోంది. మ్యాట్‌కు ఇది చాలు. బల్బు వాడేవాళ్లకు వెలుగును క్రమంగా తగ్గించే రకం అవసరం, లేకపోతే బల్బు వెలుగుతూ ఆరుతూ త్వరగా పోతుంది. వేడి రాయి అమ్ముతుంటారు, దాన్ని మాత్రం పెట్టొద్దు. పాము కడుపు కింద మెల్లగా కాలుతున్నా లేచిపోదు.

ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ గురించి ఒక మాట. పెట్టె బయట నుంచి కొడితే అది ప్లాస్టిక్ గోడ వేడిని చూపిస్తుంది, లోపలిది కాదు. దూరం నుంచి కొడితే పెద్ద ప్రాంతం సగటు చూపిస్తుంది. మూత తీసి, దగ్గరగా పట్టుకుని, ఒకే చోట కొట్టండి.

కరెంటు పోయినప్పుడు కంగారు పడొద్దు. కార్న్ స్నేక్ కొన్ని గంటల చల్లదనాన్ని తట్టుకుంటుంది, తట్టుకోలేనిది అతివేడి. పెట్టెను థర్మోకోల్ పెట్టెలో ఉంచి, గుడ్డ చుట్టిన గోరువెచ్చని నీళ్ల సీసా పక్కన పెట్టడం చాలు. కానీ కడుపులో తిండి ఉన్న పిల్ల విషయం వేరు, అది దశ 5లో వస్తుంది.

దశ 3: తేమ, ఒక టేపు ముక్క

తేమ 40 నుంచి 60 శాతం కావాలి. ముందు తేమ కొలిచే హైగ్రోమీటర్‌ను నమ్మవచ్చో లేదో చూసుకోవాలి. ఉప్పులో కొద్దిగా నీళ్లు చుక్కలుగా వేసి తడి ఇసుకలా చేసి, చిన్న మూతలో పెట్టి, హైగ్రోమీటర్‌తో కలిపి గాలి చొరబడని కవర్లో ఒక రాత్రి ఉంచాలి. లోపల తేమ 75 శాతం దగ్గర స్థిరపడుతుంది. నా డిజిటల్‌ది 72 చూపించింది, కాబట్టి అప్పటి నుంచి ప్రతి కొలతకూ 3 కలుపుకుంటున్నాను. ముల్లు తిరిగే గుండ్రటిది 58 దగ్గర ఆగింది. దాన్ని వాడటం మానేశాను.

మొదట ఒక్కో పెట్టెకు 16 రంధ్రాలే పెట్టాను. నీళ్ల గిన్నె వేడి వైపు ఉండటంతో మూత లోపల చెమ్మ పట్టి తేమ 80 దాటింది. ఎప్పుడూ తడిగా ఉండే నేల మీద కడుపు పొలుసులు గోధుమ రంగుకు తిరిగి, బొబ్బలెక్కి, పుండు పడతాయి. గిన్నెను చల్లని వైపుకు మార్చి, రంధ్రాలు 40కి పెంచాను. తేమ 48కి దిగింది. కుబుసానికి అది తక్కువ. అందుకని మూతకు ఒక వైపు బొటనవేలు పట్టేంత రంధ్రం చేసిన చిన్న డబ్బాలో, నీళ్లు కారనంతగా పిండిన స్ఫాగ్నమ్ నాచు నింపి పెట్టాను. పెట్టె మొత్తం పొడిగా, ఒక్క గూడు మాత్రం తడిగా. ఎప్పుడు దేనిలో ఉండాలో పిల్లే నిర్ణయించుకుంటుంది.

హైగ్రోమీటర్‌ను లోపలి గోడకు రెండు వైపులా జిగురున్న టేపుతో అతికించాను. తేమకు, వేడికి ఆ టేపు ఒక అంచు విడిపోయి వేలాడింది. ఉదయం చూసేసరికి 3వ పిల్ల ఒంటి మధ్య భాగం టేపుకు పట్టుకుపోయి ఉంది. విడిపించుకోవడానికి మెలి తిరుగుతుంటే ఇంకో మడత కూడా అంటుకుంటోంది. గుండె ఝల్లుమంది. పిల్లను లాగొద్దు, టేపును కూడా లాగొద్దు. ముందు టేపును గోడ నుంచి కత్తిరించి, పిల్లతో సహా అరచేతిలోకి తీసుకున్నాను. దూది పుల్లను వంటనూనెలో ముంచి, జిగురు అంచు వెంట తడుపుతూ, నూనె లోపలికి పాకే వరకు ఆగి, తల నుంచి తోక వైపుకు, పొలుసులు పడుకున్న దిశలోనే, ఒక్కో వరుస విడదీశాను. ఎదురు దిశలో లాగితే పొలుసు చర్మంతో సహా ఊడుతుంది. రెండు పొలుసుల అంచులు లేచాయి, రక్తం రాలేదు. తర్వాత గోరువెచ్చని నీళ్లతో నూనె తుడిచి, కాగితం మీద విడిగా ఉంచి, పశువైద్యుడికి (వెట్‌కు) చూపించాను. తర్వాతి కుబుసంతో ఆ మచ్చ పోయింది.

అప్పటి నుంచి పెట్టె లోపల ఏ రకం టేపూ లేదు. హైగ్రోమీటర్‌ను గోడకు చేసిన రెండు రంధ్రాల్లోంచి జిప్ టైతో కట్టాను, ముడి బయట వైపు. ఈ డైరీలోంచి ఒక్కటే తీసుకోవాలంటే దీన్నే తీసుకోండి.

దశ 4: తిండి, తినని 4వ పిల్ల

పిల్ల గుడ్డులోంచి బయటికి వచ్చాక వారం పది రోజుల్లో మొదటి కుబుసం వదులుతుంది. దాని తర్వాతే మొదటి తిండి. అంతవరకు కడుపులో మిగిలిన పచ్చసొన సరిపోతుంది. కొత్త ఇంటికి వచ్చాక కూడా వారం పాటు చేతిలోకి తీసుకోకుండా వదిలేయాలి.

తిండి పింకీ, అంటే వెంట్రుకలు రాని చిట్టెలుక పిల్ల, ఫ్రీజర్‌లో దాచినది. 1 నుంచి 1.5 గ్రాములది, ఐదు నుంచి ఏడు రోజులకు ఒకటి. మింగాక పిల్ల నడుము మీద చిన్న ఉబ్బు కనిపించాలి, పొలుసుల మధ్య చర్మం సాగిపోయి కనిపించకూడదు. ఎర మొత్తంగా తింటుంది కాబట్టి కాల్షియం పొడి వగైరా అవసరం లేదు.

1. ముందు రాత్రి విడి డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టి కరిగించాలి.
2. కవర్లో చుట్టి వేడినీళ్లలో ఉంచి, బయట 37, 38 డిగ్రీలు వచ్చే వరకు వెచ్చబెట్టాలి.
3. పొట్ట నొక్కి చూడాలి. లోపల గడ్డ తగిలితే మళ్లీ నీళ్లలోకి.
4. తుడిచి, పొడవాటి పట్టకారు, అంటే ఫోర్సెప్స్‌తో తుంటి దగ్గర పట్టుకుని, గూటి వాకిట్లో ఉంచాలి.
5. మిగిలితే పారేయాలి, మళ్లీ ఫ్రీజ్ చేయకూడదు.

మైక్రోవేవ్ వద్దు. కొన్ని చోట్ల ఉడికిపోతుంది, కొన్ని చోట్ల గడ్డగానే ఉంటుంది, ఒక్కోసారి పొట్ట పగులుతుంది.

1, 2, 3 పిల్లలు తిన్నాయి. 4వది తినలేదు. ఫోర్సెప్స్ దగ్గరకు రాగానే మెడను ఆంగ్ల అక్షరం ఎస్‌లా ముడిచి, తోక టపటపలాడించి, కొట్టి వెనక్కి పారిపోయేది. అది ఆకలితో కొట్టిన దెబ్బ కాదు. ఆకలితో కొడితే పట్టుకుని చుట్టేస్తుంది. భయంతో కొడితే తాకి వదిలేస్తుంది. ఈ తేడా గమనించకపోతే మనం ఇంకా దగ్గరగా ఎర ఊపుతాం, అది ఇంకా బెదురుతుంది.

ప్రతి ప్రయత్నానికీ మధ్య నాలుగైదు రోజులు వదిలాను. రోజూ పెట్టి చూడటం వల్ల మేలు లేదు, కదిలించడమే అవుతుంది.

పింకీని వాసన లేని సబ్బుతో కడిగి, బాగా జాడించి పెట్టాను. పట్టించుకోలేదు. రాత్రి లైటు తీసేసి గూటి ముందు వదిలాను. తెల్లారి అలాగే ఉంది. పింకీ తల మీద చిన్న గాటు పెట్టాను. చూడటానికి బాధగా ఉంటుంది గానీ, మెదడు వాసన చాలా పిల్లలను కదిలిస్తుంది. ఈసారి దగ్గరకు వచ్చి నాలుక ఆడించింది, ముక్కుతో తాకింది, వెళ్లిపోయింది.

ఇక్కడ ఆగి తిండి గురించి ఆలోచించడం మానేసి పెట్టె గురించి ఆలోచించాను. 5.6 గ్రాముల పిల్లకు 6 లీటర్ల పెట్టె చాలా పెద్దది. మిగతా మూడూ రాత్రిపూట పెట్టె అంతా తిరుగుతున్నాయి, ఇది గోడ వెంటే పాకుతోంది, మధ్యలోకి రావడం లేదు. దాన్ని 2 లీటర్ల డబ్బాలోకి మార్చాను. అదే మ్యాట్, నేల 30. నలిపిన టిష్యూ పేపర్‌తో మూడు వంతులు నింపేశాను, ఎక్కడ తల ఎత్తినా పైన కప్పు ఉండేలా. మూడు గోడల చుట్టూ బయట నుంచి నల్ల కాగితం. ఆరు రోజులు మూత తీయలేదు, నీళ్ల కోసం తప్ప.

తర్వాత గాటు పెట్టిన పింకీని కాగితాల మధ్య సందులో దించి, ఫోర్సెప్స్ తీసేసి, గది లైటు ఆర్పేశాను. చాలా సేపటికి కాగితం కదిలిన చప్పుడైంది. ఎర్ర టార్చి పక్కకు వేసి చూస్తే తల కనిపించలేదు, పింకీ కాళ్లు కనిపిస్తున్నాయి. దవడ ఎడమ సగం ముందుకు జరిగి పట్టు బిగిస్తుంది, తర్వాత కుడి సగం. అలా ఒక్కో సగం అడుగులు వేస్తూ ఎర మీదికి ఎక్కుతుంది. మింగాక రెండుసార్లు నోరు బాగా తెరిచి దవడలు సర్దుకుంది.

పని చేసింది గాటా, చిన్న డబ్బానా? ఆ తర్వాతి తిండికి గాటు పెట్టలేదు, డబ్బా అదే. తిన్నది. దాని తర్వాత కూడా తిన్నది. అందుకే నా లెక్కలో డబ్బాదే ఫలితం. తినని పిల్ల కనిపిస్తే ముందు వేడి కొలవండి, తర్వాత దాక్కునే చోటు పెంచండి, తర్వాతే ఎరతో ప్రయోగాలు. నోట్లో బలవంతంగా పెట్టడం చివరి మార్గం, అదీ తెలిసినవాళ్ల చేతుల్లో మాత్రమే. నేను పెట్టుకున్న గీత: బరువు 10 శాతం తగ్గితే ఆలోచించకుండా వెట్ దగ్గరకు.

4వ పిల్ల తినడానికి ముందు రోజు తూకం:

1వ పిల్ల: 9.1 గ్రా.
2వ పిల్ల: 8.2 గ్రా.
3వ పిల్ల: 9.6 గ్రా.
4వ పిల్ల: 5.2 గ్రా. (సుమారు 7 శాతం తగ్గింది)
మొత్తం: 32.1 గ్రా.

దశ 5: కక్కిన తిండి

2వ పిల్ల బాగా తింటోందని పింకీ సైజు పెంచాను. ఆ రాత్రే కరెంటు పోయి చాలాసేపు రాలేదు, నేల 21కి పడిపోయింది. రెండో రోజు మూత తీయగానే కుళ్లు వాసన. సగం అరిగిన పింకీ, చుట్టూ జిగురు.

పాము అరుగుదల మొత్తం బయటి వేడి మీద ఆధారపడుతుంది. వేడి లేకపోతే కడుపులోని ఎర అరగడానికి ముందే కుళ్లడం మొదలవుతుంది, దాన్ని ఉంచుకోవడం కంటే కక్కడమే పాముకు మంచిది. కానీ కక్కడంతో కడుపులోని ఆమ్లం, లవణాలు పోతాయి, గొంతు మండుతుంది. పాపం ఆకలిగా ఉందని మర్నాడే మళ్లీ పెడితే మళ్లీ కక్కుతుంది, రెండోసారి కక్కిన పిల్ల కోలుకోవడం కష్టం.

1. పెట్టె మొత్తం కడిగి, కాగితం మార్చి, మంచినీళ్లు పెట్టాను.
2. రెండు వారాలు తిండి లేదు, తూకం లేదు, చేతిలోకి తీసుకోవడం లేదు.
3. తర్వాత 1 గ్రాము కంటే చిన్న పింకీ. నిలిచింది.
4. వారానికొకటి చొప్పున అదే చిన్న సైజు కొన్నిసార్లు, తర్వాతే పాత సైజు.

మార్చినవి రెండు. తిండి పెట్టే రోజు కరెంటు కోతలు ఉన్నాయేమో చూసుకుంటున్నాను, అనుమానం ఉంటే ఒక రోజు వాయిదా. ఎర సైజు పెంచినప్పుడు వ్యవధి కూడా ఒక రోజు పెంచుతున్నాను. తిన్నాక 48 గంటలు ఎవరూ ముట్టుకోరు.

కారణం కనబడకుండా మళ్లీ మళ్లీ కక్కితే, నడుము మధ్యలో గట్టి ఉబ్బు ఉంటే అది క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి కావచ్చు. కార్న్ స్నేక్‌లలో కనిపిస్తుంది, నమ్మదగ్గ చికిత్స లేదు, మిగతా పాములకు అంటుకుంటుంది. 2వ పిల్ల మలాన్ని పరీక్షకు ఇచ్చాను, ఏమీ లేదని వచ్చింది. ఫలితం వచ్చే వరకు దాని పెట్టె పని చివర్లో చేశాను, దాని ఫోర్సెప్స్, గిన్నె విడిగా ఉంచాను.

దశ 6: కుబుసం

కళ్లు పాలు కలిసిన నీలం రంగుకు తిరుగుతాయి, రంగు మసకబారుతుంది. కొన్ని రోజులకు కళ్లు మళ్లీ తేటపడతాయి, ఆ తర్వాత కుబుసం వదులుతుంది. ఈ మధ్యలో తిండి పెట్టను. చూపు సరిగ్గా ఉండదు కాబట్టి చిరాగ్గా ఉంటుంది.

వదిలిన కుబుసాన్ని పారేయకుండా నీళ్లలో తడిపి పరిచి చూడండి. కావాల్సింది రెండు చోట్ల: కళ్ల మీది రెండు గుండ్రటి పొరలు వచ్చాయా, తోక కొన వచ్చిందా. 1వ పిల్ల కుబుసంలో తోక చివరి సెంటీమీటరు లేదు. పొర అక్కడ ఉంగరంలా మిగిలితే ఎండి బిగుసుకుంటుంది, రక్తం ఆడక తోక కొన నల్లబడి రాలిపోతుంది. 29 డిగ్రీల నీళ్లలో తడిపి పిండిన గుడ్డను డబ్బాలో వేసి, పిల్లను అరగంట అందులో ఉంచాను. తర్వాత తడి గుడ్డను వేళ్ల మధ్య వదులుగా పట్టుకుని దానిలోంచి పాకనిచ్చాను. పొర గుడ్డకు అంటుకుని వచ్చేసింది. కంటి పొర మిగిలితే మాత్రం పట్టకారుతో తాకొద్దు, కన్నే పోతుంది. తడి గూడు పెట్టి తర్వాతి కుబుసం వరకు ఆగాలి, అప్పటికీ రాకపోతే వెట్.

కారణం వెతికితే 1వ పిల్ల పెట్టెలో నాచు ఎండిపోయి ఉంది. వేడి వైపు పెట్టడం వల్ల రెండు రోజులకే ఎండుతోంది. తడి గూటిని మధ్యకు జరిపాను. తర్వాతి కుబుసాలు నాలుగింటివీ నిండుగా, ఒకే ముక్కగా వచ్చాయి.

దశ 7: వారం వారం ఆరోగ్య తనిఖీ

కాగితం మార్చే రోజే ఇది చేస్తున్నాను.

1. నోరు మూసి ఉందా? నోరు తెరిచి ఊపిరి పీల్చడం, నోటి దగ్గర బుడగలు, ఈల లాంటి శబ్దం, తల పైకెత్తి ఉంచడం ఊపిరితిత్తుల జబ్బుకు గుర్తులు. పెట్టె చల్లగా, తడిగా ఉన్నప్పుడు వస్తుంది. ఇంటి వైద్యం లేదు, వెట్ ఇచ్చే యాంటీబయాటిక్ కావాలి.
2. గడ్డం కింద, కంటి చుట్టూ నల్ల చుక్కలు కదులుతున్నాయా? నీళ్ల గిన్నె అడుగున మిరియపు పొడిలా ఏమైనా ఉందా? పిల్ల రోజంతా నీళ్లలోనే ఉంటోందా? ఇవి మైట్స్. గుడ్లు పాము మీద కాదు, పెట్టె సందుల్లో పెడతాయి. అందుకే పామును మాత్రమే శుభ్రం చేస్తే తిరిగొస్తాయి. కుక్కల గోమార్ల మందును సొంతంగా చల్లొద్దు. ఇంత చిన్న ఒంటికి మోతాదు తప్పితే నరాల మీద దెబ్బ కొడుతుంది.
3. కడుపు పొలుసులు శుభ్రంగా ఉన్నాయా?
4. మలం గట్టిగా, పక్కన తెల్లటి గట్టి మూత్రం, అంటే యూరేట్‌తో ఉందా?
5. తూకం.

కొత్త పాము వస్తే వేరే గదిలో కనీసం రెండు మూడు నెలలు ఉంచాలి. పని ఎప్పుడూ పాత పాముల నుంచి కొత్తదాని వైపు, తిరుగు దిశలో కాదు. పెట్టెలను క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమిసంహారక ద్రావణంతో తుడిచి, కడిగి, పూర్తిగా ఆరాకే పిల్లను పెడుతున్నాను. ఈ సామాను వంటింటి సింకులో కడగొద్దు. సరీసృపాల మీద సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండవచ్చు, ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. ఐదేళ్లలోపు పిల్లల చేతికి ఇవ్వకూడదు.

దశ 8: ఇప్పటి లెక్క, ముందున్న పని

1వ పిల్ల: 24.3 గ్రా.
2వ పిల్ల: 19.0 గ్రా.
3వ పిల్ల: 26.1 గ్రా.
4వ పిల్ల: 13.8 గ్రా.
మొత్తం: 83.2 గ్రా.

4వ పిల్ల 10 గ్రాములు దాటాక దాన్ని తిరిగి 6 లీటర్ల పెట్టెకు మార్చాను, పాత కాగితాలనే కొన్ని లోపల వేసి, దాని వాసన దానికి తెలిసేలా. మొదటి తిండి మానింది, రెండోది తిన్నది. రాత్రిపూట ఇప్పుడు మధ్యలోంచి కూడా పాకుతోంది.

1, 3 పిల్లలు కొంచెం వెంట్రుకలు వచ్చిన చిట్టెలుక పిల్లల సైజుకు మారాయి. 40 గ్రాములు దాటాక పెద్ద పెట్టెలు కావాలి. పూర్తిగా పెరిగిన కార్న్ స్నేక్ 90 నుంచి 150 సెం.మీ. ఉంటుంది. పెట్టె పొడవు పాము పొడవుకు తక్కువ కాకూడదని నా లెక్క, అంటే 120 సెం.మీ. పొడవు, 60 లోతు, 60 ఎత్తు నుంచి మొదలు. జారే అద్దాల తలుపులున్న చెక్క పెట్టె గీతలు గీస్తున్నాను. జారే అద్దాల మధ్య వచ్చే సందును ఎలా మూయాలన్నది ఇంకా తేలలేదు. అద్దం మందం 4 మి.మీ., గాడి వెడల్పు 6 మి.మీ. తీసుకుంటే అద్దాల మధ్య సందు ఎంత మిగులుతుందో ముందు అట్టముక్కలతో నమూనా చేసి కొలవాలి. ఆ కొలత వచ్చాకే చెక్క కోయిస్తాను.